చలికాలం కొండ మీద కిటికీ మూసి పడుకోవద్దు

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ట్రైలర్ ఒకటి మాకుంది. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో కట్టించుకున్నాం. పది అడుగుల పొడవు, ఐదున్నర వెడల్పు, ఐదున్నర ఎత్తు. లోపల నేను నిలబడగలను, మా ఆయన వంగాలి. బెంగళూరులో దీన్ని చూసినవాళ్లు మొదట ఎంతయిందని అడుగుతారు. ఆ తర్వాత, "చలికాలం ఊటీ వెళ్తారంట కదా, లోపల హీటర్ ఏం పెట్టారు?" అంటారు. ఏమీ పెట్టలేదంటే నమ్మరు. పైగా ఒక కిటికీనీ, పైకప్పు మీది వెంటిలేటర్‌నీ రాత్రంతా కొంచెం తెరిచే ఉంచుతామని చెప్తే జాలిగా చూస్తారు. మదనపల్లెలో ఉండే మా బావగారైతే ఫోన్లోనే కోప్పడ్డారు. "ఏమ్మా, జనవరిలో ఊటీకి పొయ్యి కిటికీ తెరుచుకోని పండుకుంటారా? మంచి హీటర్ ఒకటి చూడు, డబ్బులు నేనిస్తా" అన్నారు.

పెద్దాయనతో ఫోన్లో వాదించడం నాకు చేతకాదు. "సరే బావగారూ, చూస్తాం" అని పెట్టేశాను. వాదన ఇక్కడ రాస్తున్నాను. దక్షిణాది కొండల మీద చలికాలం రాత్రి మనల్ని నిజంగా సతాయించేది చలి కంటే చెమ్మ. చలికి భయపడి సందులన్నీ బిగించి, లోపల ఏదో ఒకటి వెలిగించామంటే ఆ చెమ్మను మనమే పెంచుకుంటాం, కొన్నిసార్లు ప్రాణం మీదికి కూడా తెచ్చుకుంటాం. వెచ్చగా ఉండాల్సింది పడక. గది అంతా వెచ్చగా ఉండాలన్న పట్టుదల చిన్న ట్రైలర్‌లో పెట్టుకోకూడదు.

ముందు ఈ చలి ఎంతో చూద్దాం. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఊటీ 2,240 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి మీటర్లకు ఆరు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే, బెంగళూరులో జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలున్న రోజు ఊటీలో ఏడెనిమిది ఉండాలి. చాలా రాత్రులు అంతే ఉంటుంది. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని కొన్ని రాత్రులు మాత్రం సున్నాకు దగ్గరగా పడిపోయి, గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. పదహారు డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకునే మనకు ఇది పెద్ద చలే, కాదనను. (బెంగళూరు చరిత్రలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఊటీలో అది మామూలు రాత్రి.) కానీ హిమాలయాల చలికీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ పైపుల్లో నీళ్లు గడ్డకట్టవు, డీజిల్ చిక్కబడదు. సూర్యుడు పైకొచ్చిన గంటకు స్వెటర్ విప్పేస్తాం. ఇంత చలికి లడాఖ్ వీడియోలు చూసి సామాను కొనడం దండగ.

ఎంత ఎత్తులో ఆగామన్నదాని కంటే ఎక్కడ ఆగామన్నది ముఖ్యం. చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంబడి జారి పల్లంలో చేరుతుంది. ఊటీలో మంచు మొదట కనిపించేది రేస్‌కోర్స్ మైదానంలో, తలైకుందా వైపు పచ్చిక బయళ్లలో. లంబసింగి సంగతీ ఇంతే. దాని ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు, అంటే బెంగళూరు కంటే పెద్దగా ఎక్కువేం కాదు. అయినా చుట్టూ కొండలున్న ఆ లోయలో డిసెంబర్ రాత్రుల్లో ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగిపోతుంది. అందుకే చెరువు గట్టు, వాగు పక్కన చదును నేల, ఫోటోల్లో ఎంత అందంగా ఉన్నా, ట్రైలర్ ఆపడానికి పనికిరావు. వాలు మధ్యలో, కాస్త పైన, ఆపితే రెండు మూడు డిగ్రీలు ఊరికే కలిసొస్తాయి. టీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల పక్కన అయితే ఇంకా మంచిది. పైన కొమ్మలుంటే ట్రైలర్ కప్పు నేరుగా ఆకాశానికి వేడిని పోగొట్టుకోదు. ఎండిన కొమ్మ ఏదైనా పైన వేలాడుతోందేమో మాత్రం చూసుకోవాలి. తలుపు తూర్పుకు ఉండేలా ఆపితే పొద్దున్నే ఎండ లోపలికి వస్తుంది. మా అమ్మ దీన్ని వాస్తు అనుకుని సంతోషించింది, నేనూ కాదనలేదు.

ఇక అసలు సంగతి, నీళ్లు. నిద్రపోతున్న మనిషి ఊపిరి నుంచీ ఒంటి నుంచీ గంటకు సుమారు 30 నుంచి 40 గ్రాముల నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే అర లీటరు పైనే. అదంతా ఎక్కడికి పోవాలి? మా ట్రైలర్‌లో మంచం, అలమారలు పోగా గాలికి మిగిలే చోటు ఏడు ఘనపు మీటర్లు. పది డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి తొమ్మిదిన్నర గ్రాములకు మించి నీటి ఆవిరిని పట్టుకోలేదు. అంటే మొత్తం లోపలి గాలికి ఉన్న తాహతు అరవై ఐదు గ్రాములు. తలుపులన్నీ మూస్తే గంటలోపే ఆ గాలి నిండిపోతుంది. మిగిలిన ఏడు గంటల ఊపిరి గోడల మీదికీ, కిటికీ అద్దాల మీదికీ, మన దుప్పట్లలోకీ చేరుతుంది. పెద్ద హోటల్ గదిలో ఇది తెలియదు. అక్కడ గాలి ఎక్కువ, తలుపు కింద సందులూ ఎక్కువే. చిన్న ట్రైలర్‌లో తెల్లారేసరికి కనిపిస్తుంది.

ఎలా కనిపిస్తుందో చెప్తాను. ట్రైలర్ గోడ ఇలా ఉంటుంది: బయట అల్యూమినియం రేకు, మధ్యలో ఇనుప బాక్స్ పైపుల చట్రం, పైపుల మధ్య ఖాళీలో అంగుళం మందాన థర్మకోల్, లోపల ప్లైవుడ్. థర్మకోల్ ఉన్నచోట ప్లైవుడ్ పొడిగానే ఉంటుంది. పైపు ఉన్నచోట ఇనుము బయటి చలిని నేరుగా లోపలికి తెస్తుంది కాబట్టి ప్లైవుడ్ ఆ గీత వెంబడే చల్లబడి, అక్కడే బొట్లు కడుతుంది. కిటికీలు మూసి పడుకున్న రాత్రి తర్వాత టార్చి పక్కనుంచి వేసి చూస్తే, ఏ పైపు ఎక్కడుందో, అడ్డపట్టీ ఎక్కడ తగిలించాడో, ప్లాన్ గీసినట్టు తడి గీతలు కనబడతాయి. మా ఫ్యాబ్రికేటర్ ఒక మూల వేస్తానన్న పైపు వెయ్యలేదని కూడా నాకు అలాగే తెలిసింది. కిటికీ అద్దం కింద రబ్బరు బీడింగులో నీళ్లు నిలుస్తాయి. అన్నిటికంటే దొంగచాటు తడి పరుపు కింద. ఒంటి వెచ్చదనంతో పరుపులోంచి కిందికి దిగిన ఆవిరి, అడుగునున్న చల్లటి ప్లైవుడ్‌కు తగిలి నీరవుతుంది. పరుపు ఎత్తి చూస్తే భుజాలూ నడుమూ ఆనే చోట నల్లటి మచ్చలు. రెండు రోజులు అలా వదిలేస్తే బూజు వాసన మొదలవుతుంది. తడిసిన దూది వెచ్చదనం ఇవ్వదు, కాబట్టి మర్నాటి రాత్రి అదే పడక మరింత చలిగా ఉంటుంది. "మొదటి రోజు బానే ఉంది, రెండో రోజు చలి ఎక్కువైంది" అని కొండకెళ్లొచ్చినవాళ్లు చెప్తే, చాలాసార్లు పెరిగింది చలి కాదు, దుప్పట్ల తడి.

దీనికి మందు గాలి ఆడనివ్వడం. గాలి వీచే వైపుకు ఎదురుగా కాకుండా, రెండో వైపు కిటికీని కింద రెండు వేళ్ల సందు తెరుస్తాం. పైకప్పు మీది వెంటిలేటర్‌ను ఇంకొంచెం ఎత్తి ఉంచుతాం. లోపలి వెచ్చటి తడిగాలి పైనుంచి పోతుంది, బయటి గాలి కిందనుంచి వస్తుంది. గాలి అసలు కదలని రాత్రి కోసం వెంటిలేటర్‌లో ఒక కంప్యూటర్ ఫ్యాన్ బిగించాం. బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు పన్నెండు వోల్టులది, రెండు మూడు వాట్లు తింటుంది. బ్యాటరీకి అదొక లెక్కే కాదు.

ఇక్కడ ప్రతి ఒక్కరూ వేసే ప్రశ్న ఒకటుంది. బయట పొగమంచు కమ్ముకుని ఉంటే, కిటికీ తెరిస్తే ఆ తేమంతా లోపలికే వస్తుంది కదా? వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చల్లటి గాలిలో, అది నూటికి నూరు శాతం తడిసి ఉన్నా, నీళ్లు తక్కువే. మూడు డిగ్రీల పొగమంచు గాలిలో ఘనపు మీటరుకు ఆరు గ్రాముల ఆవిరి ఉంటుంది. అదే గాలి లోపలికొచ్చి ఆరున్నర డిగ్రీలకు వెచ్చబడితే ఏడు గ్రాములకు పైగా పట్టుకోగలదు. అంటే బయట తడిగా ఉన్న గాలే లోపలికొచ్చాక ఆరబెట్టే గాలి అవుతుంది, మన ఊపిరి తడిని మోసుకుని బయటికి పోతుంది. పొగమంచు రాత్రి కూడా కిటికీ తెరవడమే లాభం. వాన జల్లు కొట్టే రాత్రి సంగతి వేరు. అప్పుడు కిటికీ మీద చిన్న రేకు చూరు ఉండాలి.

మరి పోయే వేడి? నిద్రలో ఉన్న మనిషి ఒళ్లు 70, 80 వాట్ల వేడి ఇస్తుంది. ఇద్దరం కలిస్తే 150 వాట్లు. మా ట్రైలర్ గోడలకు లెక్క వేస్తే, అన్నీ మూసి ఉంచితే బయటికంటే లోపల ఐదు డిగ్రీలు ఎక్కువుండాలి, గాలి ఆడనిస్తే మూడున్నర. తేడా డిగ్రీన్నర. ఆ డిగ్రీన్నర కోసం అర లీటరు నీళ్లు పరుపులో దాచుకోవడం నాకు తెలివైన బేరంగా తోచదు.

ఇనుప పైపుల చల్లదనానికి విరుగుడు ఉంది. ఏసీ డక్టులకు చుట్టే నల్లటి రబ్బరు ఫోమ్ షీటును లోపలి గోడకు అంతటా అంటించి, పైన గుడ్డ వేయించాం. తడి గీతలు దాదాపు పోయాయి. పరుపు కింద ప్లైవుడ్‌కు బదులు చెక్క పట్టీలు, వాటి మీద కొబ్బరి పీచు చాప వేశాం, కిందనుంచి గాలి ఆడుతుంది. ట్రైలర్ అడుగున గాలి దూసుకుపోకుండా చుట్టూ కట్టే టార్పాలిన్‌ను జేసీ రోడ్డులో కారు సీటు కవర్లు కుట్టే దుకాణంలో కుట్టించాం. నేల చల్లదనం దీంతో బాగా తగ్గుతుంది. ఈ మూడింటికీ కలిపి పెట్టింది ఒక మంచి హీటర్ ఖరీదు కంటే తక్కువే.

ఇప్పుడు వెలిగించే వాటి గురించి. దీని మీద నాకు మొహమాటం లేదు. బొగ్గుల కుంపటి, పొగరాని బొగ్గు, గ్యాస్ హీటర్, గ్యాస్ స్టవ్ సన్న మంట, కిరోసిన్ దీపం, ఏదైనా సరే, పడుకునే చోట వెలిగించకూడదు. కిటికీ తెరిచి ఉన్నా వెలిగించకూడదు. బొగ్గు ఎర్రగా, పొగ లేకుండా మండుతుంటే అది బాగా మండుతోందని మనకు భరోసా కలుగుతుంది. ఆ ఎర్రటి బొగ్గే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును ఎక్కువ ఇస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మత్తు. ఘాట్ రోడ్డులో అన్ని మలుపులు తిరిగొచ్చినవాళ్లకు ఇవన్నీ ఎలాగూ ఉంటాయి. "ప్రయాణం బడలిక, పడుకుంటే పోతుంది" అనుకుని పడుకుంటారు.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది, అందులో పిల్లలు కూడా, రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు కిటికీలు బిగించి పడుకుని మళ్లీ లేవలేదు. దామన్ ఎత్తు దాదాపు ఊటీ అంతే. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. అక్కడ చలి కూడా లేదు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ వాళ్లున్న చోటికి చేరింది. చిన్న చోటు ఎంత త్వరగా నిండిపోతుందో ఊపిరి ఆవిరి లెక్కలోనే చూశాం. ఈ వాయువుకూ అదే లెక్క.

ప్రాణాపాయం సంగతి అటుంచినా, గ్యాస్ హీటర్ చెమ్మ విషయంలో కూడా పనికిరాదు. కిలో ఎల్పీజీ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది. పొగగొట్టం లేని హీటర్ అయితే అదంతా లోపలే ఉంటుంది. వేడి ఉన్నంతసేపు గాలి దాన్ని పట్టుకుని ఉంటుంది, ఆపి పడుకున్నాక గోడల మీద వదిలేస్తుంది. హీటర్ పెట్టుకున్నవాళ్ల ట్రైలర్లే తెల్లారి ఎక్కువ తడిగా ఉండటానికి కారణం ఇదే.

కరెంటు హీటర్‌కు ఈ దోషాలు లేవు, నిజమే. కానీ రెండు కిలోవాట్ల హీటర్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. మనం ఆగేది ఏ హోమ్‌స్టే వెనక పెరట్లోనో. అక్కడ దొరికేది వరండాలో ఆరు ఆంపియర్ల సాకెట్టు, దానికి ఫోన్ చార్జర్ల కోసం కొన్న సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ. చుట్ట విప్పకుండా వాడితే ఆ తీగ చుట్ట లోపలే కాలుతుంది. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం సాకెట్టు ప్లాస్టిక్ కరిగి నల్లబడి, ప్లగ్గు ఊడి రాక, ఇంటి యజమానిని రాత్రి పదకొండింటికి నిద్ర లేపడం నేను పక్కనుండి చూశాను. కరెంటే వాడాలంటే వంద వాట్లు కూడా దాటని విద్యుత్ దుప్పటి ఉంది. పడుకునే ముందు అరగంట వేసి పడక వెచ్చబడ్డాక ఆపేస్తే చాలు. కరెంటు లేనిచోట రబ్బరు వేడినీళ్ల సంచి. మా అత్తయ్యగారు మోకాళ్ల నొప్పికి వాడేది తీసుకెళ్తాం. కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లవారుజాము దాకా గోరువెచ్చగా ఉంటుంది.

పడక విషయానికొస్తే, కిందనుంచి వచ్చే చలి పైనుంచి వచ్చేదానికంటే పాపిష్టిది. ఒంటి బరువుకు అణగిన పరుపులో గాలి ఉండదు కాబట్టి అది చలిని ఆపదు. పైన మూడు దుప్పట్లు కప్పుకునేవాళ్లు అందులో ఒకటి కింద పరుచుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. స్లీపింగ్ బ్యాగులు కొనేవాళ్లకు ఒక మాట. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగు మీద రెండు మూడు అంకెలు ఉంటాయి. హాయిగా పడుకోగల ఉష్ణోగ్రతను ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని, ఓర్చుకోగల హద్దును మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని లెక్క వేస్తారు. ఆఖరిది చావకుండా ఉండే హద్దు మాత్రమే. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఏ అంకె అన్నది చెప్పకుండా అన్నిటికంటే చిన్నదాన్ని పెద్ద అక్షరాలతో వేస్తారు. "మైనస్ ఐదు" అని రాసున్న బ్యాగులో ఐదు డిగ్రీలకే వణికేది నేనొక్కదాన్నే కాదు.

మేం మాత్రం స్లీపింగ్ బ్యాగులు మానేసి గొంగళికి వచ్చాం. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసే నల్ల గొంగళి. ముతకగా ఉంటుంది, నేరుగా ఒంటికి తగిలితే గుచ్చుకుంటుంది, కొత్తలో గొర్రె వాసన కూడా వస్తుంది. అయినా చెమ్మ విషయంలో దీన్ని మించింది నేను చూడలేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి తడిగా తగలదు, వెచ్చదనం పోగొట్టుకోదు. వర్షంలో, మంచులో మందతో పాటు ఆరుబయట పడుకునేవాళ్ల దుప్పటి అది. మేం లోపల మెత్తటి నూలు బొంత, దాని మీద గొంగళి వేస్తాం. తెల్లారి గొంగళి పైభాగం మీద సన్నటి నీటి బొట్లు నిలిచి ఉంటాయి, దులిపితే రాలిపోతాయి. కింద బొంత పొడిగా ఉంటుంది. తలకు ఉన్ని టోపీ, కాళ్లకు పొడి మేజోళ్లు. పగలంతా తొడుక్కున్న మేజోళ్లతో పడుకోకూడదు, వాటిలో చెమట ఉంటుంది.

వంట బయటే. అన్నం ఉడికితే పోయే ఆవిరి మన రాత్రి ఊపిరికి పోటీ వస్తుంది. ట్రైలర్ పక్కన పందిరి గుడ్డ కట్టి అక్కడే వండుతాం. ఊటీ ఎత్తులో నీళ్లు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి గిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదు, కుక్కర్ తప్పనిసరి. చిన్న బ్యూటేన్ డబ్బాలతో పనిచేసే పెట్టె స్టవ్‌లు తెల్లవారుజామున మొరాయిస్తాయి. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద ద్రవంగానే ఉండిపోతుంది, మూడు నాలుగు డిగ్రీల్లో కూడా మంట నీరసంగా వస్తుంది. డబ్బాను స్వెటర్ లోపల కాసేపు పెట్టుకుంటే చాలు. మంట దగ్గర పెట్టి వెచ్చబెట్టే తెలివి మాత్రం వద్దు.

"మరి పాతకాలం వాళ్లు కుంపట్లు పెట్టుకోలేదా?" అన్నది బావగారి ఇంకో వాదన. పెట్టుకున్నారు, గాలి ఆడే ఇళ్లలో. నీలగిరుల్లో తోడా గిరిజనుల పాత ఇల్లు చూడండి. సగం కోసిన పీపా ఆకారం, వెదురూ గడ్డీ, కిటికీ లేదు, లోపలికి పాకుతూ వెళ్లాల్సిన మూడడుగుల తలుపు. చలికి చిన్న చోటే మేలన్నది వాళ్లకు ఎప్పుడో తెలుసు. పొయ్యి లోపలే ఉండేది, కానీ పొగా ఆవిరీ గడ్డికప్పు సందుల్లోంచి పోయేవి. 1820లలో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్ ఊటీ చేరి రాతి ఇల్లు కట్టుకున్నాక వచ్చిన బంగ్లాల్లో పొగగొట్టం ఉన్న నెగళ్లు కట్టారు. పొగగొట్టం ఉన్న గది మూసినట్టు కనిపిస్తుందే గానీ నిప్పు ఉన్నంతసేపూ గాలిని పైకి లాగుతూనే ఉంటుంది. అదే ఊళ్లో ఇవాళ చాలా హోటళ్లు ఆ గొట్టాలు లేని సిమెంటు గదులు కట్టి, అల్యూమినియం కిటికీలు బిగించి, హీటర్‌కు రోజుకు ఇంత అని అద్దె తీసుకుంటాయి. గోడల మీద చెమ్మ మచ్చలకు మాత్రం అద్దె లేదు. వాటిలో పడుకోవడం కంటే మా పది అడుగుల డబ్బాలో పడుకోవడమే నాకు సుఖం అంటే అతిశయోక్తి కాదు.

చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉంటే? అత్తయ్యగారు మాతో వచ్చినప్పుడు "చలిగాలి తగిలితే జలుబు చేస్తుంది" అని కిటికీ వైపు అనుమానంగా చూస్తూ పడుకున్నారు. జలుబు వైరస్ వల్ల వస్తుందని ఆవిడకు చెప్పి గెలవడం నా వల్ల కాలేదు. అందుకే ఆవిడ పడకను కిటికీకి దూరంగా వేసి, మధ్యలో తెర కట్టాం. గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూసుకోవడం న్యాయమే. ఉబ్బసం ఉన్నవాళ్లకు చల్లగాలి పడదన్నది కూడా నిజం. వాళ్లకు బూజు అంతకంటే పడదు. అలాంటివాళ్లను జనవరిలో ట్రైలర్‌లో తీసుకెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మార్చిలో తీసుకెళ్లొచ్చు.

కిటికీ తెరిస్తే జంతువులు? కిటికీకి దోమతెరా ఇనుప కమ్మీలూ ఉన్నాయి, సందు రెండు వేళ్లే. అసలు జాగ్రత్త ఎక్కడ ఆగుతామన్న దగ్గర ఉంది. నీలగిరుల్లో టీ తోటల దాకా ఎలుగుబంట్లూ అడవిదున్నలూ వస్తాయి. రోడ్డు పక్కన, అడవి అంచున ఆపడం వద్దే వద్దు. మనుషులుండే ఆవరణలో, అనుమతి తీసుకుని ఆపాలి. తినే సామాను, చెత్త బుట్ట బయట వదలకూడదు. బెంగళూరు నుంచి మైసూరు, గుండ్లుపేట మీదుగా వెళ్తే బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. 2024 మే నుంచి నీలగిరులకు, కొడైకెనాల్‌కు ఈ-పాస్ తప్పనిసరి. మసినగుడి నుంచి కల్లట్టి మీదుగా వెళ్లే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, ట్రైలర్‌తో అటు ఆలోచించొద్దు. గూడలూరు దారే మేలు.

బావగారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఇదంతా సున్నా చుట్టుపక్కల చలికి. లడాఖ్, స్పితి శీతాకాలంలో నా లెక్కలు చెల్లవు. అక్కడ నీళ్ల ట్యాంకు రాయవుతుంది, లిథియం బ్యాటరీని సున్నా కింద చార్జ్ చేస్తే పాడవుతుంది, మామూలు డీజిల్ చిక్కబడిపోతుంది. ఆ ప్రాంతం కోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. అక్కడికి డీజిల్ హీటర్ కావాల్సిందే. అది కుంపటి లాంటిది కాదు. మండటానికి గాలిని బయటినుంచి తీసుకుంటుంది, పొగను గొట్టంలోంచి బయటికే వదులుతుంది, లోపలికి వెచ్చటి పొడి గాలి మాత్రమే ఇస్తుంది. గొట్టం అతుకు వదులైతే మాత్రం అదీ ప్రమాదమే. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291 అని రాసి ఉన్నది, తలకు దగ్గరగా పెట్టుకోవాలి. పొగ అలారం దీన్ని పసిగట్టదు. మా ట్రైలర్‌లో వెలిగించేది ఏమీ లేకపోయినా అలారం ఉంది, ఎందుకంటే పక్కన ఆగినవాళ్ల జనరేటర్ మీద నా పెత్తనం లేదు. డీజిల్ హీటర్ వాడేవాళ్లు కూడా పైకప్పు వెంటిలేటర్ కొంచెం తెరిచే పడుకుంటారు. హీటర్ గాలిని వేడి చేస్తుందే తప్ప, ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలిన అర లీటరు నీళ్లను బయటికి పంపదు.